ముఖచిత్రం లేని సంచిక

ముందు నా కబురు చెప్పుకుంటాను. కుడి కంటికి శుక్లం తీశారు. కొన్నాళ్లు సినిమాలు చూడొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. చూడొద్దన్నారు కానీ హాలుకు పోవద్దనలేదు కదా అని, కంటికి కట్టుతోనే మాట్నీకి వెళ్లి కూర్చున్నాను. తెర వైపు తల ఎత్తలేదు. చుట్టూ జనం ఎక్కడ దగ్గారు, ఎక్కడ కుర్చీలు కిర్రుమన్నాయి, ఎక్కడ ఊపిరి బిగబట్టారు, అవే విన్నాను. ఇంటికొచ్చి సమీక్ష రాశాను. చూసి రాసినవాళ్ల సమీక్షల కన్నా నాదే బాగుందని నా అభిప్రాయం. నా అభిప్రాయాన్ని నేను ఎన్నడూ తక్కువ చేసుకోలేదు.

ఈ మధ్య చిన్న పత్రిక ఒకటి నడుపుతున్న పిల్లలు నన్ను చూడటానికి వచ్చారు. ఇన్నేళ్లలో మీకు బాగా గర్వమనిపించిన సంచిక ఏదని అడిగారు. రంగుల ప్రత్యేక సంచిక ఏదో తీసి చూపిస్తాననుకున్నారు పాపం. బొమ్మ లేకుండా వచ్చిన సంచిక ఒకటుంది, అదీ అన్నాను. వాళ్లు మొహాలు చూసుకున్నారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. గొప్పలు చెప్పుకుంటోందని ఎవరైనా అనుకుంటే, అవును, చెప్పుకుంటున్నాను.

హైదరాబాద్ స్టేట్ రోజులవి. కచేరీలో ఉర్దూ, కోర్టులో ఉర్దూ, బడిలో ఉర్దూ. అలాంటి చోట తెలుగులో పత్రిక పెట్టడమే మొండితనం అంటే, అందులోనూ సినిమా పత్రిక పెట్టడం పిచ్చితనమని మా చుట్టాలు తేల్చేశారు. మారేడ్‌పల్లిలో మా ఇంటి ముందుగది మా ఆఫీసు. మా ఆయన రైల్వే ఆఫీసులో గుమస్తా. పత్రిక మీద సంపాదకుడిగా ఆయన పేరుండేది, సంపాదకత్వం నాది. ఈ సంగతి సికింద్రాబాద్‌లో అందరికీ తెలుసు, అందరికంటే ముందు మా ఆయనకు తెలుసు. ఆయన ప్రూఫులు దిద్దేవారు, ప్రెస్సుకు వెళ్లొచ్చేవారు. నేను సినిమాలు చూసేదాన్ని, రాసేదాన్ని, కోప్పడేదాన్ని.

ఆ రోజుల్లో సినిమా హాల్లో ఆడవాళ్లకు వేరే చోటుండేది. జనానా అనేవాళ్లు. మేము వెళ్లే హాల్లో అది మేడ మీద, మగవాళ్ల కుర్చీలకు వెనక వైపు. వేరే గేటు, వేరే మెట్లు, ముందు నిలువెత్తు పరదా. దీపాలు ఆరిపోయాక అక్కడ కాపలా ఉండే ఆయా తాడు లాగి పరదా తెరిచేది. ఇంటర్వెల్‌కు దీపాలు వెలిగే ముందు మళ్లీ మూసేది. చీకట్లో పరదా తీసి ఉన్నంతసేపే మాకు సినిమా. ఆ చీకట్లో బురఖాల ముసుగులు పైకి లేచేవి, కొంగులు జారేవి, నోళ్లు తెరుచుకునేవి.

మగవాళ్లు సినిమాను చూస్తారు. జనానాలో సినిమాతో మాట్లాడతారు. విలన్‌ను తిట్టేవాళ్లు, హీరోకు సంబంధాలు చెప్పేవాళ్లు, అత్త పాత్రకు శాపనార్థాలు పెట్టేవాళ్లు. నేను చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. ఆ మాటలనే 'జనానా ముచ్చట్లు' అని పత్రికలో వేసేదాన్ని. అన్నవాళ్ల పేరు మాత్రం ఎప్పుడూ వేసేదాన్ని కాదు. మూలబెంచీ ఆమె, చంటిపిల్ల తల్లి, అంతే. పేరు పడితే ఇంట్లో తంటా వస్తుంది. తంటా వస్తే మళ్లీ హాల్లో నోరు విప్పరు. మిగతా పత్రికల సమీక్షలు కంపెనీవాళ్లు రాసి పంపినవే అచ్చవుతుంటే, మా సమీక్షలకు జనం నవ్వుకుంటూ ఎదురుచూసేవాళ్లు.

ఆ ముచ్చట్లలో సగం ఒకే మనిషివి. ఆమెను మౌలాలి అక్క అనేదాన్ని. మౌలాలి గుట్ట కింద ఉండేవాళ్లు. భర్తకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం, ఇంట్లో తెలుగే. బురఖా సంగతి అడిగితే, "ఊళ్ల ఎవలేసుకున్నరు? పట్నమొచ్చినంక ఏసుకున్నం, గింతే," అని నవ్వేది. ఉర్దూ సినిమాలకు పెద్దగా వచ్చేది కాదు. "గా ఉర్దూల వాళ్లెందుకు ఏడుస్తున్నరో నాకు సమజయ్యేసరికి సీన్ అయిపోతది చెల్లె," అనేది. తెలుగు సినిమా వస్తే మాత్రం మొదటి మాట ఆమెదే, చివరి మాటా ఆమెదే. ఉడికించిన పల్లికాయ మూట ఒడిలో పెట్టుకుని, ఒలిచి బెంచీ పొడుగునా అందరికీ పంచుతూ, సినిమాను తూర్పారబట్టేది.

రజాకార్ల అలజడి ముదిరిన రోజుల్లో మా వీధిలో చాలామంది తాళాలు వేసుకుని బెజవాడ వెళ్లిపోయారు. మేము ఉండిపోయాం. ఆ రోజుల్లో మాట్నీ వదిలాక అక్క నన్ను ఒంటరిగా పంపేది కాదు. "నా పక్కపొంటి నడువ్. బురఖా పక్కన నడిచేటోళ్లను ఎవలేమంటరు?" అని మారేడ్‌పల్లి మలుపు దాకా వచ్చి, అక్కడి నుంచి వెనక్కి తిరిగేది. దారంతా సినిమా గురించే మాట్లాడేది. భయం గురించి ఇద్దరం ఒక్క మాటా అనుకోలేదు.

తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. హాళ్లు మూశారు. రేడియో ఉన్న ఇంటి అరుగు మీద వీధి వీధంతా చేరింది. కొన్ని రోజులకే అంతా తేలిపోయింది. సైన్యం బండ్లు సికింద్రాబాద్ రోడ్ల మీదికి వచ్చినప్పుడు మా వీధివాళ్లు పూలు పట్టుకుని నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. గొంతు పోయేదాకా అరిచాను. సంతోషించాను, దాచుకోను. ఇక నా పత్రిక నా రాజ్యంలో వస్తుందని పొంగిపోయాను.

ఆ పొంగు కాస్త తగ్గాక అక్క గుర్తొచ్చింది. కబురు పంపితే జవాబు లేదు. నేనే వెళ్లాను. తలుపు లోపల గడియ. నా గొంతు విని తీసింది. జిల్లాల్లో ముస్లింల ఇళ్ల మీద పడుతున్నారన్న వార్తలు వాళ్ల గల్లీలో గుసగుసగా తిరుగుతున్నాయి. పొరుగున రెండు కుటుంబాలు కరాచీకి ప్రయాణం కట్టాయి. భర్త వర్క్‌షాపుకు తలదించుకుని పోయి తలదించుకుని వస్తున్నాడు. "మాదేం లేదు చెల్లె. మేమెవల జోలికీ పోలే. అయినా భయమైతది," అంది. అంత నోరున్న మనిషి అంత మెల్లగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

హాళ్లు మళ్లీ తెరిచారు. నేను బతిమాలితే బతిమాలితే అక్క వచ్చింది. వచ్చింది కానీ నోరు విప్పలేదు. ముసుగు చీకట్లో కూడా తీయలేదు. పల్లికాయ ఒలిచేది, తన పక్కనున్న నాకు మాత్రమే ఇచ్చేది, తెర వైపు చూస్తూ కూర్చునేది. "ఒక్కటన్న మాట్లాడు అక్కా," అని నేను చెవిలో అంటే, "ఏం మాట్లాడితే ఎవలేమనుకుంటరో," అనేది. జనానా ముచ్చట్లు ఉప్పు లేని పప్పయ్యాయి. చదివేవాళ్లకు కూడా తెలిసిపోయింది. అంతకంటే నాకు బాధేమంటే, రోడ్డు మీద పూలు చల్లి నేను తెచ్చుకున్న సంతోషం ఆమె గొంతు నొక్కిందేమోనన్న అనుమానం. ఆమె మళ్లీ మాట్లాడితే తప్ప ఆ అనుమానం పోదు.

అప్పుడు మద్రాసు నుంచి ఒక పెద్ద తెలుగు సినిమా వచ్చింది. పంపిణీదారు బెజవాడ పెద్దమనిషి. పోలీస్ యాక్షన్ తర్వాత మన ఊళ్లో ఇంత ఆర్భాటంగా వచ్చిన తెలుగు సినిమా ఇదేనని ఊరంతా గోడల మీద పోస్టర్లు అతికించాడు. మా ఇంటికి వచ్చి, కథానాయిక బొమ్మ బ్లాకు ఇచ్చి వెళ్లాడు. బ్లాకంటే చెక్క మీద బిగించిన లోహపు రేకు. దాని మీద బొమ్మ చెక్కి ఉంటుంది. అదుంటేనే పత్రికలో ఫోటో అచ్చవుతుంది. చేయించుకునే స్తోమత మాలాంటి చిన్న పత్రికలకు లేదు. కంపెనీవాళ్లు ఇచ్చేవాళ్లు, అచ్చయ్యాక తిరిగి ఇచ్చేసేవాళ్లం. అంటే పత్రిక మొహం ఎప్పుడూ వాళ్ల చేతిలోనే ఉండేదన్నమాట. ఈసారి ముఖచిత్రం బ్లాకు కొత్తది, చక్కగా ఉంది. మా ఆయన దాన్ని కొంగుతో తుడిచి పెట్టమన్నారు. నేనూ మురిసిపోయి తుడిచి పెట్టాను.

మొదటి మాట్నీకి అక్కను తీసుకుని వెళ్లాను. జనానా కిక్కిరిసింది. కింద ముందు వరుస కుర్చీల్లో పంపిణీదారు, ఆయన పిలిచిన పెద్దలు, కొత్తగా ఖద్దరు టోపీలు పెట్టుకున్నవాళ్లు కూర్చున్నారు. దీపాలు ఆరాయి, ఆయా పరదా లాగింది, సినిమా మొదలైంది.

కథ మామూలే. అత్త నింద వేస్తుంది, కోడలు వంటింట్లో కూలబడి ఏడుస్తుంది. ఏడుపు, పాట, మళ్లీ ఏడుపు, మళ్లీ పాట. పొయ్యి చల్లారి ఉంది. పక్కనే గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఎంతసేపైనా ఆమె లేవదు. తర్వాతి సీన్‌లో భర్తగారు వంటింటి గడప దాటి, కండువాతో మూతి తుడుచుకుంటూ, తేన్చుతూ వచ్చాడు. వచ్చి నీతులు మొదలుపెట్టాడు. హాలంతా నిశ్శబ్దం. కింద టోపీల వాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు.

నా పక్కన చిన్న కదలిక. అక్క ముసుగు పైకి లేచింది. తర్వాత, పూర్వపు గొంతుతోనే, హాలు ఈ చివర నుంచి ఆ చివరి దాకా వినిపించేలా అంది:

"గంట సేపాయె ఆమె ఏడ్వబట్టి. పొయ్యి సుత ముట్టియ్యలే. మరి గీయన ఏం తిని మూతి తుడుసుకుంటుండు?"

జనానా భళ్లుమంది. బెంచీల మీద ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పెద్దావిడ ఒకామె, "అవ్ బిడ్డా, నిజమే గదనే! ఏం తిన్నడు వాడు?" అని ఒళ్లో పిల్లను కూడా మరిచి చప్పట్లు కొట్టింది. ఆ నవ్వు కింద మగవాళ్లకు పాకింది. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. అక్క నోరు తిరిగొచ్చింది. అంతకంటే నాకు ఆ సినిమాతో పనేం లేదు.

పంపిణీదారుకు మాత్రం ఆ నవ్వు అర్థం కాలేదు. తను అంత నమ్ముకున్న ఏడుపు సీనుకు జనం నవ్వుతారని ఆయన కలలో కూడా అనుకోలేదు. మరి నవ్వుతున్నారంటే ఏమిటి? రీళ్లు తారుమారయ్యాయి! అలా జరగడం మామూలే. పెళ్లి రీలు ముందు, పెళ్లిచూపుల రీలు వెనక వేసిన సందర్భాలున్నాయి. ఆయన లేచి, పంచె పట్టుకుని, ఆపరేటర్ గది మెట్లు ఎక్కుతూ, "ఆపండయ్యా! రీలు మారింది, లైట్లేయండి!" అని కేకలు పెట్టాడు. ఆపరేటర్ కంగారులో మిషను ఆపేశాడు. హాల్లో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

పరదా తెరిచే ఉంది.

ఆ హాల్లో అలా ఎప్పుడూ జరగలేదు. మగవాళ్లందరూ వెనక్కి తిరిగి ఉన్నారు, ఎవరా మాటన్నదని చూడటానికి. పైన ఆడవాళ్లందరం దీపాల వెలుగులో బొమ్మల కొలువులా ఉన్నాం. అక్క బురఖా ముసుగు నెత్తిమీద ఉంది, మొహం మీద ఇంకా నవ్వుంది, చేతిలో పల్లికాయ ఉంది. కింద నుంచి ఎవరో, "గా బురఖా ఆమెనే!" అన్నాడు. అక్క మొహంలో నవ్వు ఎలా ఆరిపోయిందో నేను పక్కనుండి చూశాను. ఆయా తాడు లాగుతోంది. తాడు చిక్కుపడి రావడం లేదు.

అప్పుడు ఇందాక చప్పట్లు కొట్టిన పెద్దావిడ లేచి అక్క ముందు నిలబడింది. ఆమెను చూసి పక్కామె, ఆమెను చూసి వెనక బెంచీ వాళ్లు లేచారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ముందు వరుస మొత్తం చీరల గోడయింది. పెద్దావిడ కిందికి చూసి, "ఏందయ్యా సూస్తరు? సినిమా గాడుంది, గీడ కాదు. ముంగట తిరుగుండ్రి!" అని అరిచింది. మగవాళ్లు గబుక్కున ముందుకు తిరిగారు. ఈ లోపల తాడు చిక్కు వీడి పరదా మూసుకుంది. అక్క ఇంటర్వెల్ దాకా కూడా ఉండలేదు. వెనక మెట్ల మీంచి దిగి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే పంపిణీదారు మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇచ్చాను. తాగాడు. మర్యాదస్తుడే, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఏవండీ అమ్మగారూ, నిన్న జరిగింది చూశారుగా. మా సినిమా తప్పేం లేదండీ. ఆవిడెవరో బురఖా ఆవిడటగా. వాళ్లకి తెలుగు సినిమా అంటే గిట్టదు. కావాలనే గోల చేసింది. అదే మీ ముచ్చట్లలో రాసెయ్యండి. ఆవిడ పేరు, ఊరు కూడా తెలిస్తే వెయ్యండి. మీ అట్ట మీద మా బొమ్మ ఉంటుంది, ఏడాది పొడుగునా మా ప్రకటనలు మీకే," అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్లుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ఆయన అడుగుతున్నది చిన్న సంగతి కాదు. ఆ రోజుల్లో ఫలానా ముస్లిం ఆమె తెలుగు సినిమాను వెక్కిరించిందని పేరుతో సహా అచ్చయితే, లాలాగూడలో తలదించుకుని పోయే ఆమె భర్తకు తల ఎత్తే రోజే ఉండదు. ఆ గల్లీలో ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. అది ఆయనకు తట్టినట్లు లేదు. సినిమా పోతుందన్న బెంగ తప్ప ఆయనకు ఇంకేం కనిపించడం లేదు.

"అయ్యా, మా పత్రికలో పేర్లు వెయ్యం," అన్నాను. "ఇక ఆమెకు తెలుగు గిట్టదనే మాట ఎత్తకండి. ఆమె మాట్లాడిన తెలుగు మీ సినిమాలో ఒక్క పాత్ర మాట్లాడలేదు. ఆమె అడిగిందానికి జవాబుందా మీ దగ్గర? ఏం తిన్నాడండీ మీ హీరో?"

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. తర్వాత లేచి, "అయితే బ్లాకు ఇప్పించండమ్మా," అన్నాడు. తుడిచి పెట్టిన బ్లాకు తెచ్చి చేతిలో పెట్టాను.

మా ఆయన అంతా విన్నారు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. జెర ఆలోచించకపోయినవ్?" అన్నారు.

"ఆమె నోరు మంచిదే. అందుకే అచ్చేస్తా అంటున్న," అన్నాను.

"మంచిగనే ఉంది. మరి అట్ట మీద ఏమేస్తవ్?"

ఇంకే కంపెనీ బ్లాకు ఇవ్వదని ఇద్దరికీ తెలుసు. ఒకరికి కోపమొస్తే అందరికీ కోపమొచ్చే వ్యాపారమది. అట్ట మీద బొమ్మ లేని సినిమా పత్రికను ఎవరు కొంటారు?

ఏది వేసినా అక్కను అడగకుండా వేయనని మౌలాలి వెళ్లాను. మళ్లీ లోపల గడియ. లోపలికి వెళ్లి కూర్చున్నాను. భర్త మూల కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాను. నీ మాట వేయాలని ఉంది, వద్దంటే వేయను, నీ మీద ఏ మాటా రానివ్వను అన్నాను.

భర్తే మొదట అన్నాడు. "వద్దు బిడ్డా. ఇప్పటికే పరేషాన్ల ఉన్నం."

అక్క ఆయన వైపు తిరిగింది. "నేనన్నది తప్పా?"

"తప్పని ఎవలన్నరు?"

"తప్పు గాకపోతే ఎందుకు దాసుకోవాలె? గింత బతుకు బతికి, వాడేం తిన్నడని సుత అడగొద్దా?" అంది. తర్వాత నా వైపు చూసింది. "మాటేసుకో చెల్లె. మనిషిని ఎయ్యకు."

ఆమె భర్త బీడీ ఆర్పేసి లేచి, నన్ను బస్సు దాకా దిగబెట్టడానికి వచ్చాడు.

అప్పటిదాకా నేను ప్రెస్సులో అడుగు పెట్టలేదు. ఆడవాళ్లు వెళ్లే చోటు కాదది. ఆ రోజు మా ఆయన ముందు నడుస్తుంటే నేనూ వెళ్లాను. గోడ పోస్టర్ల కోసం వాడే పెద్ద చెక్క అక్షరాలు ఒక పెట్టెలో ఉన్నాయి. వాటితో అట్ట మొత్తం నింపమన్నాను. ప్రెస్సు యజమాని నవ్వాపుకోలేకపోయాడు. "అమ్మా, గోడకు అతికించే ఇష్తెహార్ అనుకుంటరు దీన్ని," అన్నాడు. అనుకోనీ అన్నాను. పత్రిక పేరు పైన చిన్నగా. దాని కింద అట్ట నిండా మోటు అక్షరాల్లో, 'పొయ్యి సుత ముట్టియ్యలే. మరి గీయన ఏం తిని మూతి తుడుసుకుంటుండు?' అడుగున, 'ఒక ప్రేక్షకురాలు'. బొమ్మ లేదు, పువ్వు లేదు, బార్డరు కూడా లేదు. మొదటి కాగితం తడి సిరాతో చేతికొచ్చినప్పుడు అలాగే పట్టుకుని పైకి చదివాను. మన మాటను, పుస్తకాల్లో వెక్కిరింపుకు తప్ప వాడని మన మాటను, అంత పెద్ద అక్షరాల్లో నేను అంతకు ముందు ఎక్కడా చూడలేదు.

లోపల సమీక్షలో ఏ తిట్టూ లేదు. హాల్లో జరిగింది జరిగినట్లు రాశాను. దీపాలు వెలిగిన సంగతి రాశాను, చీరల గోడ సంగతి రాశాను, బురఖా సంగతి రాయలేదు.

సంచిక స్టేషన్ దగ్గర పుస్తకాల కొట్టులో వేలాడదీసిన రోజు జనం సినిమా పత్రిక అని తెలియకుండానే కొన్నారు. చదివి నవ్వారు. ఇంకో సంగతి నేను ఊహించనిది జరిగింది. అది సామెతయి కూర్చుంది. ఆ రోజుల్లో ఊళ్లో కొత్త టోపీలు ఎక్కువయ్యాయని చెప్పాను కదా. అలజడి రోజుల్లో ఎక్కడా కనబడనివాళ్లు ఇప్పుడు తామే అంతా చేశామని సభల్లో చెప్పుకుంటున్నారు. ఎవరైనా అలా మొదలుపెడితే వెనక నుంచి ఎవరో ఒకరు, "పొయ్యి సుత ముట్టియ్యలే," అనేవాళ్లు. సభంతా మిగతా మాట పూర్తి చేసేది. మా ఆయన ఆఫీసులో పైఅధికారి మీద ఇదే వాడారని చెప్పి, మా ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ప్రకటనలు రాలేదు. ఆ ఏడాదంతా బక్కచిక్కిన పత్రికే తెచ్చాం. అయినా మా ఆయన ఒక్కసారి కూడా ఆ బ్లాకు మాట ఎత్తలేదు.

అక్క మాత్రం హాలుకు రాలేదు. సంచిక తీసుకుని వెళ్తే, చదివి వినిపించమంది. ఉర్దూ బడిలో రెండు తరగతులు చదివిన మనిషి, తెలుగు అక్షరాలు రావు. చదివాను. "గంతేనా? గంత పెద్దగ ఏసినవా?" అని అట్ట మీద వేలితో తడిమింది. ఎప్పుడొస్తావంటే, సూద్దాం తీ అంది.

ఆ చూద్దాం చాలా రోజులు సాగింది. నేను ఒక్కదాన్నే వెళ్లి ఒక్కదాన్నే వచ్చేదాన్ని. నా పక్కన చోటు ఖాళీగా ఉంచితే ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవాళ్లు, జరగమనలేకపోయేదాన్ని. మాట వేశాను, మనిషిని పోగొట్టుకున్నానా అని మథనపడేదాన్ని.

ఒక మాట్నీకి, దీపాలు ఇంకా ఆరలేదు, పరదా మూసే ఉంది, జనానా నిండిపోయింది. ముందు బెంచీలో ఇద్దరు ఆడవాళ్లు వాదించుకుంటున్నారు. అట్ట మీది ఆ మాట అన్నది మారేడ్‌పల్లి వకీలు గారి భార్య అని ఒకామె. కాదు, మా మేనత్త తోటికోడలు, నాకు బాగా తెలుసు, నా ముందే అన్నది అని ఇంకొకామె. ఇద్దరూ ఒట్లు కూడా వేసేస్తున్నారు. నేను నవ్వాపుకుంటూ వింటున్నాను. నియమం నియమమే, నేను చెప్పను.

మెట్ల వైపు నుంచి ఒక బురఖా వచ్చి వాళ్ల పక్కన నిలబడింది. చేతిలో మూట ఉంది. ఆమె కూడా కాసేపు ఆ వాదన విన్నది. వెలుగులోనే, అందరి ముందరే, ముసుగు ఎత్తి నెత్తి మీద వేసుకుంది.

"మీ మేనత్త తోటికోడలు గాదు, వకీలు పెండ్లాం గాదు. నేనన్న," అంది. "మౌలాలి కాడుంటం మేం. గిప్పుడు జెర జరుగుండ్రి, కూసుంట."

బెంచీ బెంచీ అంతా జరిగింది.